ఆషాఢ అమావాస్యకి చవక విమానం

మా ఇంట్లో ప్రయాణాలు అమావాస్యకో పున్నమికో అని నేను దెప్పుతూ ఉండేదాన్ని. మా ఆయన ఆ మాట అక్షరాలా నిజం చేశారు. బెంగళూరుకి విమానం టిక్కెట్లు కొన్నారు, సరిగ్గా ఆషాఢ అమావాస్యకి. పైగా ఆ రోజు మంగళవారం.

తప్పు పూర్తిగా ఆయనది కాదు, మా వ్యాపారానిది. పెనుగొండలో మాది షామియానాల షాపు. లోకమంతా పిల్లల్ని తీసుకుని ఊళ్లు తిరిగే వేసవిలో మేం పెళ్లిళ్లకి కుర్చీలు పంపుకుంటూ ఉంటాం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గనక మాకు తీరిక ఆ నెలలోనే. చవక విమానాలు కొత్తగా వచ్చిన రోజులవి. పేపర్లో ప్రకటన చూసినప్పటి నుంచి మా ఆయన తణుకులో ఇంటర్నెట్ సెంటరు చుట్టూ తిరిగారు. అక్కడాయన తేదీలన్నీ వెతికి, "మిగతా రోజులకి రేటు లేచిపోయిందండి. ఈ మంగళవారమే ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడట. విశాఖపట్నం నుంచి బెంగళూరుకి పన్నులతో కలిపి మనిషికి పన్నెండు వందలు. మామూలు రోజుల్లో మా నలుగురి టిక్కెట్ల డబ్బుకీ ఒక్క టిక్కెట్టు వచ్చేది. కార్డు ఉంటే గాని కొననివ్వరు కాబట్టి బ్యాంకులో పనిచేసే స్నేహితుడి కార్డు వాడుకుని, ఆ డబ్బు ఆయన చేతిలో పెట్టారు. వెళ్లదలచినవాళ్లు గుర్తుపెట్టుకోండి. నెలన్నర ముందు కొనాలి, కొన్నాక మనసు మార్చుకుంటే పైసా తిరిగి రాదు.

నాకూ, ఆయనకీ, మా అమ్మాయి సుధకీ పోగా నాలుగో టిక్కెట్టు మా అత్తగారిది. గొడవంతా అక్కడే.

మామగారు పోయి పదేళ్లు దాటింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు ఏ ఊరు బయలుదేరినా అత్తగారు పెరట్లోకి వెళ్లిపోతారు. మేం వీధి మలుపు తిరిగాక గాని బయటికి రారు. బొట్టు లేని తాను ఎదురొస్తే వెళ్లేవాళ్లకి మంచిది కాదని ఆవిడ నమ్మకం. నేను చాలాసార్లు చెప్పి చూశాను. "నీకు తెలీదు, ఊరుకోమ్మా" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఈసారి ఆవిడ మా వెనక కాకుండా మాతో కలిసి గడప దాటాలని పట్టుబట్టాను.

"అమావాస్య మంగళవారం ప్రయాణమేంట్రా?" అన్నారు కొడుకుతో.

"చవగ్గా వచ్చిందమ్మా."

"వెనక్కిచ్చెయ్యి."

"ఇచ్చినా డబ్బులివ్వరే."

మా అత్తగారికి శకునాల పట్టింపు ఎక్కువే గాని, మనిషికి పన్నెండు వందలు నీళ్లపాలు కావడం మీద పట్టింపు అంతకంటే ఎక్కువ. చివరికి "ప్రస్థానం పెట్టేద్దాం" అన్నారు. మంచిరోజున సామాను తీసుకెళ్లి వేరేవాళ్లింట్లో పెట్టి వస్తే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. ఆదివారం త్రయోదశి, మంచి గడియ చూసి మా మూడు సంచులూ ఎదురింట్లో పెట్టించారు. ఆవిడ సంచి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

"మీదో అత్తయ్యగారూ?" అన్నాను.

"నాకు మంచేంటి, చెడేంటి. నేను వెనకాల వస్తాగా."

మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరాం. ఆవిడ తాళం వేస్తానని చెప్పి మమ్మల్ని ముందు నడిపించారు. రావులపాలెంలో బస్సు మారాలి. అప్పటికే అరటి గెలల లారీలు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నాయి, వాటిని దాటుకుని రాజమండ్రి బస్సెక్కేసరికి తెల్లగా తెల్లారింది. స్టేషన్ దగ్గర ఇడ్లీ తిని విశాఖపట్నం రైలెక్కాం. మా ఎదుటి సీటు పెద్దాయన అన్నవరంలో దిగాలి. విమానం మాట చెవిన పడగానే "ఎంతకొచ్చిందండి?" అని అడిగారు. ధర విని ముచ్చటపడ్డారు. అంతలో ఏదో గుర్తొచ్చి, "అయినా ఇవాళ అమావాస్య కదండి" అన్నారు.

"అందుకేనండి ఆ ధర" అన్నారు మా ఆయన.

పెద్దాయన నవ్వారు. అత్తగారు నవ్వలేదు.

విశాఖలో దిగి ఆటోలో విమానాశ్రయం చేరాం. వంద రూపాయలు అడిగాడు, ఎనభైకి ఒప్పుకున్నాడు. లోపల టీ ధర విన్నాక మాకు దాహం తీరిపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న దిబ్బరొట్టె, బెల్లంపాకం బయటే కూర్చుని తిన్నాం. మీరూ ఏదో ఒకటి తీసుకెళ్లండి, చవక విమానంలో మంచినీళ్లు కూడా కొనుక్కోవాలి. ఇంకో సంగతి, అందులో సీట్లకి నంబర్లుండవు. ముందెక్కినవాడిది కిటికీ.

వరసలో మా వెనకాల కొత్త దంపతులు నిలబడ్డారు. ఆ అమ్మాయి మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. నాతో మెల్లగా, "ఆషాఢం కదండి, నేను అనకాపల్లిలో పుట్టింట్లో ఉండాలి. టిక్కెట్టు చవగ్గా దొరికిందని మావారొచ్చి తీసుకెళ్లిపోతున్నారు. మా అత్తగారికి తెలీదండి" అంది.

"అత్తాకోడళ్లు ఒక గడప దాటకూడని నెలలో మా అత్తగారితో నేనూ బయలుదేరాను. మాది పాతబడిపోయింది గనక పర్లేదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

బస్సులో తీసుకెళ్లి విమానం దగ్గర దించారు. జనం కిటికీ సీట్ల కోసం మెట్ల వైపు పరుగెత్తారు. అత్తగారు అలవాటు ప్రకారం పక్కకి తప్పుకుని చివర నిలబడ్డారు. మెట్ల దగ్గరున్న విమానంవాళ్ల అమ్మాయి అందరినీ చేత్తో ఆపి, చుట్టూ చూసి, "పెద్దవాళ్లు ముందు. మీరు రండమ్మా" అంటూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. జనం దారి ఇచ్చారు. మొదటి మెట్టు ముందు మా అత్తగారు, వెనకాల విమానానికి సరిపడా మనుషులు.

ఆవిడ కదల్లేదు. "వద్దమ్మా, వీళ్లందరినీ ఎక్కనీ" అన్నారు ఆ అమ్మాయితో. తర్వాత నా చెవి దగ్గర, "ఇంతమందికి ముందు నేను నడవడమేంటే, అమావాస్య పూట? ఆ కొత్త పెళ్లికూతురు నా వెనకే ఉంది, చూడు" అన్నారు. నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. టిక్కెట్ల డబ్బు పోయినా సరే, ఆవిణ్ణి తీసుకుని వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది.

ఆ కొత్త పెళ్లికూతురే ముందుకొచ్చింది. మేమేం మాట్లాడుకున్నామో ఆమెకి వినిపించలేదు. "అమ్మమ్మగారూ, నాకు విమానమంటే భయమండి. మీరు ఎక్కితే మీ వెనకాలే ఎక్కేస్తాను" అంది.

అత్తగారు ఆమె ముఖంలోకి చూశారు. "భయమెందుకే పిల్లా, రా" అన్నారు. కొంగు బిగించి, కమ్మీ పట్టుకుని మొదటి మెట్టెక్కారు. ఆ వెనక ఆ అమ్మాయి, ఆ వెనక మేమందరం.

గంటన్నర ప్రయాణం. సుధ కిటికీకి ముక్కు ఆనించి మబ్బులు చూసింది. మా ఆయన కొనని ఫలహారాల ధరలన్నీ చదివారు. అత్తగారు కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూనే ఉన్నారు. ఆవిడ మొక్కుకుంటున్నది తన కోసం కాదని నాకు తెలుసు.

బెంగళూరులో దిగాక ఆవిడ మెట్ల పక్కన ఆగిపోయారు. రమ్మంటే రారు. దిగేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నారు. చంటిపిల్లవాడిని ఎత్తుకున్న తల్లి, ఫోన్లు మాట్లాడుకుంటూ కుర్రాళ్లు, చేతులు ఊపుతూ కొత్త దంపతులు దిగారు. మెట్ల మీద ఇంకెవరూ కనిపించకపోయేసరికి, "అందరూ దిగినట్టేనా?" అని అడిగారు.

"దిగారత్తయ్యగారూ."

"సరే, పద" అన్నారు. ఆ పూట మాకంటే ముందు ఆవిడే నడిచారు.

రాత్రి బస్సులో మైసూరు, మర్నాడు అక్కడి నుంచి ఊటీ. వానాకాలం కాబట్టి అక్కడ గదులు సగం ధరకే ఇస్తారు. వాన మాత్రం పూర్తిగా ఇస్తారు, గొడుగులు మరిచిపోకండి. అత్తగారు స్వెట్టరేసుకుని, మేం లేవకముందే తయారై వీధి తలుపు దగ్గర నిలబడి, "ఇంకా ఎంతసేపర్రా?" అని పిలిచేవారు. అంత చలిలోనూ ఆ పిలుపు వినడానికి నాకెంతో హాయిగా ఉండేది.

తిరుగు ప్రయాణానికి శ్రావణం వచ్చేసింది, విమానం ధరలూ లేచాయి. బెంగళూరు నుంచి రైల్లో స్లీపరు తీసుకున్నాం. అది మా వైపు స్టేషన్లలో ఆగదు, రాజమండ్రిలోనే దిగాలి. మర్నాడు గోదావరి దాటుతుండగానే సామాను సర్దుకుని తలుపు దగ్గరికి చేరాం. అందరికంటే ముందు అత్తగారు.

రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద మా తలుపు ఎదురుగా పెట్టె పట్టుకుని ఒక తల్లి, పక్కన ఆమె కూతురు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. తల్లి అత్తగారి నుదురు చూసింది. చటుక్కున కూతుర్ని భుజం పట్టి పక్కకి తిప్పి, "కాసేపాగి ఎక్కుదువుగాని" అంది. ఏం జరిగిందో నాకు అర్థమైంది. ఏదో అనబోయాను. అప్పటికే అత్తగారు దిగి, తిన్నగా ఆ పిల్ల ముందుకే వెళ్లి నిలబడ్డారు.

"ఏ ఊరమ్మా?"

"విశాఖపట్నమండి. కాలేజీలో చేరుతున్నాను."

"చేరు, బాగా చదువుకో. మొన్న అమావాస్య మంగళవారం విమానం నేనే ముందెక్కాను. నా వెనకాల ఎక్కినవాళ్లందరూ క్షేమంగా దిగారు. దగ్గరుండి చూశాను." తర్వాత ఆ తల్లి వైపు తిరిగి, "ఎక్కించమ్మా, రైలు కదిలిపోతుంది" అన్నారు.

ఆమె తల వంచుకుని పెట్టె అందించింది. పిల్ల ఎక్కి తలుపు దగ్గరే నిలబడి, "విమానం ఎంతకొచ్చిందండి?" అని అడిగింది.

"పన్నెండొందలు" అన్నారు మా అత్తగారు. "మంచిరోజు చూడకుండా కొనుక్కో, చవగ్గా వస్తుంది."