చలికి వెలగని లేజర్

మూడేళ్ల కిందటి డిసెంబరు. ముదిగుబ్బ దగ్గర ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీలో నేను ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుని. లేజర్ ప్రయోగాలకు నల్లగుడ్డ కట్టిన డార్క్ రూం ఒకటుంది. తలుపేస్తే పట్టపగలైనా కళ్లు పొడుచుకున్నా ఏమీ కనిపించదు. పదిరోజులుగా అందులో ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు వస్తోందని పిల్లలు అటు రావడం మానేశారు. ఎలుకలమ్మా అని నవ్వాను.

ఆ పొద్దున వణికించే చలి. డార్క్ రూం తలుపేసి, స్టాండు మీద గ్రీన్ లేజర్ ఆన్ చేస్తే గోడ మీద చుక్క పడలేదు. ఈ లేజర్‌లో మొదట పుట్టేది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి. లోపలి చిన్న క్రిస్టల్‌లో ఆ కాంతి రేణువులు రెండేసి కలిసి ఒక్కో ఆకుపచ్చ రేణువవుతాయి. చలికి ఆ కలయిక కుదరకపోతే ఆకుపచ్చ రాదు, కనిపించనిది మాత్రం బయటికొస్తుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. ఇంత తెలిసీ, పాడైపోయిందని తిట్టుకుంటూ అటూ ఇటూ తిప్పాను.

తర్వాత బుద్ధొచ్చి, గోడ వైపు వీపు తిప్పి, ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూశాను. దానికి ఇన్‌ఫ్రారెడ్ కొంత కనిపిస్తుంది. నా భుజం వెనక గోడ మీద తెల్లటి చుక్క. దానికి జానెడు దూరంలో ఒక ముఖం, నన్నే చూస్తోంది. గిర్రున తిరిగితే చీకటి తప్ప ఏమీ లేదు.

తడుముకుంటూ వెళ్లి లైటు వేశాను. మూలన శిరీష, సెకండియర్ పిల్ల. అల్లరి లేదు, ఫిర్యాదు లేదు, బంగారుతల్లి అని వార్డెన్ మెచ్చుకునే పిల్ల.

"పలకలేదేమే? కంట్లో పడింటే?"

"పడితే పడనీ మేడం."

ఏడుపు లేదు, కోపం లేదు. లేజర్ కన్నా ఆ గొంతుకే ఎక్కువ భయపడ్డాను. పక్కన కూర్చుని సూటిగా అడిగాను. "చచ్చిపోవాలనిపిస్తాందా?"

తలూపింది. "దినామూ అనిపిస్తాది. ఎవురూ అడగల్యా."

ఆ తర్వాత ఒక్క క్షణం ఆమెను వదల్లేదు. మధ్యాహ్నానికి నల్లమాడ నుంచి వాళ్ల నాయన వచ్చాడు, గొర్రెలు మేపే మనిషి. చేతిలో తాయెత్తు.

"గాలి సోకినాది మేడం. దీనికి డాక్టరేం చేస్తాడు?"

"తాయెత్తు కట్టన్నా, నేనొద్దనను. ఆసుపత్రికి మాత్రం ఇప్పుడే పోవాల. కట్టేదానికి బిడ్డ ఉండాల కదా!"

ఆయన కూతురి చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. అనంతపురంలో డాక్టర్లు డిప్రెషన్ అన్నారు. మందులు, కౌన్సెలింగ్‌తో నెమ్మదిగా తేరుకుంది. పరీక్షలు మరుసటి ఏడు రాసింది.

ఇప్పుడు నెమ్మదస్తులైన పిల్లల దగ్గరే ముందు కూర్చుంటాను. అనుమానమొస్తే ఆ ప్రశ్న అడిగేస్తాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని వార్డెన్ భయం. పుట్టదు. ఆ గదిలో పిల్లలు విన్న ఊపిరి నిజమే, అది శిరీషది. పదిరోజులు దాన్ని ఎలుకలని కొట్టిపారేసింది నేనే.