ఆయ్ అన్నాడు కదా

కాట్రేనికోన దగ్గర, సముద్రపు గాలి తగిలే ఇంట్లో కూర్చుని మొబైల్ యాప్‌లు రాయడం నా ఉద్యోగం. పడవ నడిపే మా మరిది కోసం కూడా ఒక చిన్న యాప్ రాశాను. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు ఊరికే చోటు మారుతుంటాయి. మంచు పడితే ఏదీ కనబడదు. ముందురోజు తను క్షేమంగా వెళ్లిన దారిని ఫోనులో గీతగా చూపించడమే ఆ యాప్ పని.

ఆ మ్యాపు బొమ్మని నా ప్రోగ్రాం స్వయంగా గీయదు. ఫోను లోపల గీసే వ్యవస్థ వేరే ఉంటుంది. అది బొమ్మని తన దగ్గరే ఉంచుకుని నాకొక నంబరు ఇస్తుంది. దాన్నే హ్యాండిల్ అంటాం. అమలాపురం సైకిల్ స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే. ఆ నంబరుకి నేనొక చిన్న కోడుని తొడుగులా తొడిగి దాచాను. పని అయ్యాక బొమ్మని వదిలెయ్యమని చెప్పే బాధ్యత ఆ తొడుగుదే. నా తొడుగేమో తొందరపడి, తెర ఇంకా గీస్తుండగానే వదిలెయ్యమనేది. టోకెన్ జేబులో భద్రంగా ఉంటుంది, సైకిలే ఉండదు. అప్పుడు మ్యాపుని వేళ్లతో పెద్దది చేస్తే యాప్ చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంది.

ఆ తప్పు ఒక సాయంత్రం దొరికింది. సరిచేసి, కొత్తది పంపి, మరిదికి ఫోన్ చేశాను.

"పాతది తీసేసి కొత్తది వేసుకో. పాతదాన్ని నమ్మి మొగలోకి వెళ్లకు."

"ఆయ్."

"వేసుకున్నట్టేనా?"

"ఆయ్, అలాగేనండి వదినగారూ."

నేను ముక్తేశ్వరంలో పుట్టినదాన్ని. ఆయ్ అంటే 'విన్నానండీ' అనే తప్ప 'చేశానండీ' అని కాదని నాకొకరు చెప్పాలా? చిన్నప్పుడు మేమూ అలా అనే పెద్దవాళ్లని ఏమార్చేవాళ్లం. అయినా నమ్మేసి నిశ్చింతగా పడుకున్నాను.

తెల్లారేసరికి వాకిట్లో కొబ్బరిచెట్లు కూడా కనబడనంత మంచు. ల్యాప్‌టాప్ తెరిచాను. యాప్ ఎక్కడైనా కూలిపోతే దానంతటదే వచ్చే రిపోర్టు ఒకటి వచ్చి ఉంది. మరిది ఫోను నుంచి. పాత యాప్, అదే తప్పు. లేచి వంటింట్లోకి పరిగెత్తాను.

"మీ ఆయనేడీ?" అని తోడికోడల్ని అడిగాను.

"ఎప్పుడో ఎల్లిపోయేరక్కా. మంచున్నా పర్లేదు, వదినగారి మ్యాపుంది కదా అన్నేరు."

ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. ఇంజన్ మోతలో వినబడలేదేమో అనుకున్నాను. ఇంతలో ఇంకో రిపోర్టు. తర్వాత మరొకటి. మొదట ఒక్కొక్కటీ గుండెలో పొడిచినట్టే ఉంది. తర్వాత బుర్రకి తట్టింది: యాప్‌ని మళ్లీ తెరిచే చెయ్యి ఉంటేనే కదా అది మళ్లీ కూలిపోయేది! రిపోర్టు వస్తోందంటే మనిషి ఉన్నట్టే. అప్పటి నుంచి 'ఇంకొక్కసారి కూలిపో తల్లీ' అని నా యాప్‌నే బతిమాలుకున్నాను.

రిపోర్టులు ఆగిపోయాయి.

అంత భయం నేనెప్పుడూ పడలేదు. ఫోను మాత్రం మోగుతూనే ఉంది. మోగినంత మాత్రాన అవతల మనిషున్నాడని ఏముంది? తోడికోడలు నా మొహం చూసి పక్కన కూలబడింది. తన చెయ్యి పట్టుకున్నానే గానీ తన వైపు చూడలేకపోయాను.

మంచు విడిచి ఎండ వచ్చాక, పెరటి దారిన నడిచి వచ్చాడు మరిది. మ్యాపు ఎన్నిసార్లు తెరిచి పెద్దది చేసినా మూసుకుపోతోందని విసుగొచ్చి, సైలెంటులో ఉన్న ఫోనుని పెట్టెలో పడేసి, లంగరు వేసుకుని అక్కడే కూర్చున్నాడట.

"కొత్తది వేసుకోమన్నానా లేదా?" అని అరిచాను.

"ఆయ్," అన్నాడు తల దించుకుని.

పొద్దుటినుంచి నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నది ఆ ఒక్క మాట కోసమే.