బానెట్ మీద పెట్టని చెయ్యి

ఉదయం ఆరుంబావుకి మెకానిక్ మేస్త్రి ఆ తెల్లకారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, మనసులో పది అంకెలు లెక్కపెట్టి, చెయ్యి తీసేశాడు.

"రేపు వస్తాను," అన్నాడు.

"అదేంటి మేస్త్రీ, ఇంకా తలుపైనా తీయలేదు!" అన్నాడు అమ్మేవాడు.

"వేడిగా ఉంది. రాత్రి నుంచి ముట్టుకోవద్దని ఫోన్లో చెప్పానా లేదా?"

"కొంచెం పక్కకి పెట్టాను, అంతే."

"పక్కకి పెడితే ఇంత కాగదు బాబూ. దీని మీద టీ కాచుకోవచ్చు."

కొనడానికి వచ్చిన దంపతులు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు.

ఆ ఊళ్లో పాత డీజిల్ కారు కొనేవాళ్లు ముందు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్తారు. అరిగిపోయిన డీజిల్ ఇంజను కాస్త వేడెక్కిందంటే ఏ రోగమూ లేనట్టు నటిస్తుంది. రాత్రంతా చల్లారాక దాని బండారం బయటపడుతుంది. అందుకే ఆయన ముందు చెయ్యి పెడతాడు. తర్వాతే తాళం తిప్పుతాడు. పొగ ఏ రంగులో వస్తోందో, ఎంతసేపటికి ఆగుతోందో చూస్తాడు. ఇంజను తిరుగుతుండగానే ఆయిల్ మూత తీసి, లోపలినుంచి పొగ ఎగదన్నుతోందేమో చూస్తాడు. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తూ బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, మీటరు మాట నమ్మడు. చెయ్యి దగ్గరే తేడా వస్తే మాత్రం ఇవేవీ చూడకుండా వెనక్కి తిరుగుతాడు.

ముప్పై ఏళ్లలో ఒకే ఒక్కసారి మాత్రం చెయ్యి పెట్టకుండా బండి కొనిపించాడు.

రెండు నెలల కిందట ఆయన చెల్లెలికి కారు కావలసి వచ్చింది. మొగుడు నడుం దెబ్బతిని ఇంటిపట్టున ఉండిపోతే, ఆమె తమ వీధిలోని ఆరుగురు పిల్లల్ని రోజూ బడికి చేర్చే పని ఒప్పుకుంది. మేస్త్రి ఆమెను నేరుగా తన పాత స్నేహితుడు పొడుగాయన దగ్గరికి తీసుకెళ్లాడు. పొడుగాయన ఇప్పుడు పాత కార్లు అమ్ముతున్నాడు. అంతకుముందు పందొమ్మిదేళ్లు మేస్త్రి షెడ్డులోనే పనిచేశాడు. మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్లు. చెయ్యి పెట్టి చూడటం అతను నేర్చుకున్నది కూడా అక్కడే.

బూడిదరంగు కారు గేటు ముందు సిద్ధంగా ఉంది.

"చూసుకోరా," అన్నాడు పొడుగాయన.

"నీ బండిని నేను చూడ్డమేంట్రా? నలుగురూ వింటే నవ్విపోతారు."

"అయినా ఒకసారి చూడు. చెల్లాయి కొంటోంది కదా."

"నాకు చెల్లెలైతే నీక్కాదా?"

పొడుగాయన తాళం చేతికిచ్చాడు. మేస్త్రి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "తీసుకోవే, బాగుంది," అన్నాడు చెల్లెలితో.

వారం తిరక్కుండా చలి మొదలైంది.

"అన్నయ్యా, ఎంత తిప్పినా అందుకోవట్లేదు. పిల్లలు సంచులు తగిలించుకుని నిలబడ్డారు," అని ఫోన్ చేసింది చెల్లెలు. మేస్త్రి వెళ్లి కారును తోయించి స్టార్ట్ చేయించాడు. ఆయిల్ మూత తీయగానే పొగ ముఖాన కొట్టింది. సిలిండర్లు అరిగిపోయాయి. ఇంజను మొత్తం విప్పితే బండి నెలరోజులు నిలిచిపోతుంది. బండి నిలిస్తే పిల్లలు వేరే బండెక్కుతారు.

"నువ్వు చూసే కదా ఇప్పించావు?" అంది చెల్లెలు. దెప్పడానికి కాదు, తెలియకే అడిగింది.

"చూడలేదే," అన్నాడు మేస్త్రి.

ఆమె పిల్లల్ని ఎక్కించుకుని బడికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన ఇప్పటికీ అంటాడు.

ఆ సాయంత్రమే పొడుగాయన దగ్గరికి వెళ్లాడు.

"వేడిచేసి పెట్టావా?"

"పెట్టాను."

"నాకా!"

పొడుగాయన తల దించుకున్నాడు. "నువ్వు చెయ్యి పెడతావనుకున్నానురా. పెడితే దొరికిపోతాను, ఇంకో బండి చూపిస్తాను అనుకున్నాను. నువ్వు పెట్టలేదు."

"చెప్పడానికి నోరుంది కదరా."

"ఉంది. నువ్వు 'నీక్కాదా' అన్నాక అస్సలు పెగల్లేదు."

"మరి బండి వెనక్కి తీసుకో."

"ఆ డబ్బుతో ఇంకోటి కొనేశాను."

మేస్త్రి చెయ్యి ఎత్తాడు. కొట్టడానికో దేనికో ఆయనకే తెలియలేదు. దించేసుకుని వచ్చేశాడు. ఆ తర్వాత ఆ వీధిలోకి వెళ్లలేదు. ఎవరైనా పొడుగాయన దగ్గర బండి చూడాలంటే, "నాకు కుదరదు, ఇంకెవరినైనా తీసుకెళ్లండి," అంటాడు. కారణం చెప్పడు.

ఈ రోజు తెల్లకారు దగ్గర్నుంచి ఆయన నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్లాడు. బడి సెలవులు వచ్చాక ఇంజను విప్పుతానని మాటిచ్చాడు. అప్పటిదాకా రోజూ ఉదయం ఆయనే తోస్తాడు. చెల్లెలు స్టీరింగ్ ముందు కూర్చుంది. మేస్త్రి కారు వెనక్కి వెళ్లి రెండు అరచేతులూ డిక్కీకి ఆనించాడు. రేకు మంచులా ఉంది.

"ఊఁ, గేరు వెయ్యి!"

నాలుగోసారికి ఇంజను అందుకుంది. పొగ తగ్గేదాకా ఆగి, గేటు దగ్గరున్న పిల్లలు ఎక్కారు. మొదట్లో ఆరుగురు ఎక్కేవాళ్లు. ఈ ఉదయం ఇద్దరు.