నాగలక్ష్మమ్మ ముఖం, ఏసుమణి సూది

నాగలక్ష్మమ్మ ముఖం చూసి జాలిపడినవాళ్ళెవరూ రెండోసారి ఆ పని చేయలేదు. ముఖమంతా అమ్మవారి గుంటలే, పిండి జల్లెడలాగా. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా "అయ్యో పాపం, చిన్నప్పుడే..." అని ఎత్తుకుంటే చాలు, "నాకెందుకమ్మా పాపం? నీ ముఖం మీద చెప్పుకోను ఒక్క కథ లేదు. దానికి పడు జాలి" అనేది.

ఆమె ముఖానికి కథ ఉంది మరి. రాయచోటి పక్క పల్లెలో, ఆమెకు ఎనిమిదేండ్ల వయసులో, ఒళ్ళంతా పెద్దమ్మవారు పోసింది. ఆ ఏడు ఊళ్ళో పిల్లలు శానామంది పోయారు, ఆమె మిగిలింది. పెండ్లిచూపులకు వచ్చినవాళ్ళు మజ్జిగ తాగి, మూతి తుడుచుకొని లేచిపోయేవాళ్ళు. కానీ ఏ ఇంట్లో అమ్మవారు పోసినా ముందు కబురు వచ్చేది ఆమెకే. గుమ్మానికి వేపమండలు కట్టగానే కన్నవాళ్ళకే కాళ్ళు ఆగిపోయేవి. నున్నటి ముఖాల అందగత్తెలంతా కొంగు నోట్లో కుక్కుకొని వాకిట్లో నిలబడితే, నాగలక్ష్మమ్మ ఒక్కతే గడప దాటి లోపలికి పోయేది. పడినవాళ్ళ కింద వేపాకు పరిచేది, చల్లటి అంబలి గొంతులో పోసేది. ఒకసారి చూసిపోయిన ఒంటిని ఆ తల్లి మళ్ళీ చూడదని ఊరందరికీ తెలుసు. ఆ ముఖమే ఆమెకు పట్టం కట్టింది.

కొన్నేండ్లకు పెద్దమ్మవారు దేశమే విడిచి పోయింది. లోకం సంతోషపడింది. నాగలక్ష్మమ్మా పడింది, పడకేం చేస్తుంది? పట్టం ఉండీ రాజ్యం లేని రాణి బతుకైపోయింది ఆమెది.

ఆలస్యంగానైనా కట్టుకున్న మొగుడు పోయాక ఒంటిమిట్ట నుంచి రాజంపేట పోయే దారిలోని వృద్ధాశ్రమంలో వంటకు కుదిరింది. ముసలివాళ్ళకు వండీ వండీ తానూ ముసలిదైపోయి, అక్కడే ఒక మంచం తనదనిపించుకుంది. గరిట వేరేవాళ్ళకు ఇచ్చింది గానీ పెత్తనం ఇవ్వలేదు. పక్క మంచం జైనాబ్ బీది, రాజంపేటలో రవికలు కుట్టి బతికిన మనిషి. పొద్దున లేస్తే ఇద్దరికీ పోట్లాట, పొద్దుగూకితే ఇద్దరికీ ఒకే తమలపాకు.

కరోనా వచ్చిన మొదటి ఏడు అది ఆశ్రమంలో ఇద్దరినే పట్టుకుంది. ఒకరు నాగలక్ష్మమ్మ, ఇంకొకరు తిమ్మయ్య. ఈ తిమ్మయ్య ఒకప్పుడు సంతల్లో ఎద్దుల బేరాలు కుదిర్చేవాడు. వెనక షెడ్డులో ఇద్దరినీ చెరో మూల పడేశారు. ఆమెకు కొన్నాళ్ళు ఇంగువ వాసన కూడా తెలియలేదు, ఆయనకు దగ్గు. ఇద్దరూ లేచి తిరిగారు. ఆ రోజు నుంచి నాగలక్ష్మమ్మ నడకే మారిపోయింది. పోయిన రాజ్యం తిరిగి వచ్చింది కదా!

అందుకే మరుసటేడు ఎండలు మొదలయ్యేటప్పుడు ఒంటిమిట్ట ఆస్పత్రి నర్సు ఏసుమణి నీలం డబ్బా పట్టుకొని టీకాలు వేయడానికి వస్తే, నాగలక్ష్మమ్మ కుర్చీ దిగలేదు.

"నాకెందుకు పాపా? వచ్చి పోయింది. ఉతికిన గుడ్డను మళ్ళీ ఉతుకుతారా?"

"మాసితే ఉతుకుతారు గదవ్వా" అంది ఏసుమణి.

"మాసినప్పుడు చెప్తాలే. తిమ్మన్నా, నువ్వూ లెయ్ ఆన్నించి. మనం గట్టెక్కినోళ్ళం."

కోడెల నోట్లో చెయ్యి పెట్టి పండ్లు చూసిన తిమ్మయ్యకు సూదంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచిపోయాడు. మిగిలినవాళ్ళంతా వేయించుకున్నారు. జైనాబ్ బీకి ఆ రాత్రి జ్వరం వచ్చింది. ఒక్క రాత్రి జ్వరాన్ని వారం పాటు చెప్పుకుంది.

ఎండలు ముదిరేసరికి జబ్బు రెండోసారి వచ్చింది, ఈసారి గేటు దాటి తిన్నగా లోపలికి. పరీక్షలో బయటపడినవాళ్ళందరినీ వెనక హాలుకు మార్చారు. అందులో జైనాబ్ బీ కూడా ఉంది. నాగలక్ష్మమ్మ నోటితో అయ్యో అంది గానీ కాళ్ళు మాత్రం నిలవలేదు. కొంగు నడుముకు దోపి, అంబలి చెంబు ఎత్తుకొని బయలుదేరింది. హాలు గడప దగ్గర ఏసుమణి అడ్డం నిలబడింది.

"యాడికవ్వా పోతాండావు?"

"కండ్లు లేవా? లోపలికి."

"సూది ఏసుకోనోళ్ళు లోపలికి పోకూడదు."

"సూది ఏసుకున్న జైనాబు లోపల పండుకోనుండాది. ఏసుకోని నేను బయట నిలబడుకోనుండా. ఇద్దరిలో ఎవురు గట్టి? నువ్వే చెప్పు!"

వరండాలో ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. జవాబు లోపలి కిటికీ నుంచి వచ్చింది.

"లక్ష్మక్కా, నేను పండుకోలా, కూచోనుండా! నోరు చప్పగుండాది. నంజుకోను చెనిగ్గింజల ఊరిబిండి ఉంటే రవ్వంత పంపీ."

ఇంతలో ఆశ్రమం చూసుకునే వీరభద్ర వచ్చి ఆమె చేతిలో చెంబు లాక్కున్నాడు. బస్సు కండక్టరుగా పనిచేసి దిగిన మనిషి ఆయన. సూది అందరికంటే ముందు వేయించుకున్నాడు. "జరుగవ్వా, జరుగు, దారియ్యి" అంటూ లోపలికి పోయాడు. పోతూ సగం అంబలి గడప మీదే ఒలకబోశాడు.

తన కళ్ళ ముందు, తన చెంబుతో, ఆ కండక్టరు గడప దాటడం నాగలక్ష్మమ్మ మింగలేకపోయింది. అది చాలదని కిటికీలోంచి జైనాబ్ బీ రోజూ గొడవ. "ఈయప్ప అంబలి పోసినట్టు లేదక్కా, టికెట్టు కొట్టినట్టుండాది. గుక్క మింగేలోపల పక్క మంచానికి పోతాడు."

అయినా ఆమె పట్టు వదల్లేదు. వదిలించినవాడు తిమ్మయ్య.

ఒక పొద్దున ఆయన మంచం మీద నుంచి లేవలేదు. ఏసుమణి ఆయన వేలికి చిన్న క్లిప్పు తగిలించి చూసింది, ఇంకో వేలికి మార్చి చూసింది, వెంటనే బండికి ఫోను చేసింది. కడప పెద్దాసుపత్రికి, ఆక్సిజన్ పెట్టించడానికి. బండిలోకి ఎక్కిస్తుంటే తిమ్మయ్య గేటు దగ్గర నిలబడిన నాగలక్ష్మమ్మను చూశాడు. ఊపిరి ఎగబీలుస్తూనే అడిగాడు. నిష్ఠూరం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"మనం గట్టెక్కినామంటివే, లచ్చిమమ్మా?"

ఆ పూట సంగటిలో ఉప్పు ఎక్కువైంది. నాగలక్ష్మమ్మ తిని చెయ్యి కడుక్కుంది గానీ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆశ్రమంలో అందరికీ నిజంగా భయం పట్టింది అప్పుడే.

సాయంత్రం ఏసుమణి చేతులు కడుక్కుంటుంటే వెనక వచ్చి నిలబడింది.

"వచ్చి పోయినోనికి మళ్ళీ ఎట్లొచ్చె పాపా?"

"పెద్దమ్మవారు ఎప్పుడూ ఒకే చీర కట్టుకోని వచ్చేదవ్వా. ఒకసారి చూసిన ఒళ్ళు చచ్చేదాకా గుర్తుపెట్టుకునేది. ఇది అట్ల గాదు. పోయిన తూరి ఒక చీర, ఈ తూరి ఇంకోటి. పైగా ఒళ్ళు కూడా దీన్ని తొందరగా మర్చిపోతాది. సూది ఏస్తే మళ్ళీ గుర్తొస్తాది."

"జైనాబుకు వచ్చె గదా మరి?"

"రానే రాదని నేను చెప్పలా. వచ్చినా దెబ్బ తగ్గుతాది. జైనాబవ్వ ఊరిబిండి అడగతాండాది, తిమ్మయ్య తాత గాలి అడగతాండాడు. చూసినావు గదా."

"నాకేమీ రాలేదు గదా ఈ తూరి!"

"వచ్చిందో రాలేదో ఎవురికి తెలుసవ్వా? దగ్గు లేకుండా, జ్వరం లేకుండా నీ ఒంట్లో ఊరికే కూచోని, నువ్వు పోసే అంబలెంబడి ఇంకో మంచానికి పోతే?"

ఆ ఒక్క మాట తగలాల్సిన చోట తగిలింది. నాగలక్ష్మమ్మ పట్టంలో లోపలికి పోవడం సగమే. రెండో సగం, లోపలిదాన్ని బయటికి తేకపోవడం. ఏ ఇంట్లో అమ్మవారి దగ్గర కూర్చున్నా, కట్టుకున్న చీరతోనే బావి దగ్గర నిలువునా నీళ్ళు పోసుకొని, వేపనీళ్ళు చల్లుకొని గానీ ఇంకో గడప తొక్కేది కాదు. లక్ష్మమ్మ వెంట అమ్మవారు వచ్చిందని నోటి దురుసుకు పేరుపడ్డ ఆ ఊళ్ళో కూడా ఒక్కరూ అనలేదు. ఈ వయసులో అనిపించుకోవాలా?

"ఆ నీలం డబ్బా యాడుండాది?"

"రేపు ఒంటిమిట్ట ఆస్పత్రికి పోదాం పా అవ్వా, ఆటో పిలుస్తా."

"భయపడి ఏసుకుంటాండాననుకోవద్దు. ఆ కండక్టరు అంబలి పోసేది కండ్లతో చూడలేక ఏసుకుంటాండా."

మరునాడు ఆస్పత్రిలో రవిక చెయ్యి పైకి మడిచి, ముఖం అటు తిప్పుకోకుండా సూది వైపే చూసింది. అయిపోయిందంటే నమ్మలేదు. "ఇంతేనా? దీనికా తిమ్మన్న లేచి పరిగెత్తింది!"

ఆ రాత్రి వచ్చింది జ్వరం. ఎట్లాంటి జ్వరం! యాభై ఏండ్ల కిందట మజ్జిగ తాగి లేచిపోయిన పెండ్లిచూపులవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి కడిగేసింది. అప్పటికి హాలు నుంచి బయటపడిన జైనాబ్ బీ పక్కన కూర్చొని నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, ఎవరెవరు వచ్చారో, ఏమేమి తిన్నారో అంతా తీరిగ్గా వింది. తెల్లారి వచ్చిన ఏసుమణి, ఒకసారి జబ్బు వచ్చి పోయినవాళ్ళకు సూది జ్వరం కొంచెం ఎక్కువగా రావచ్చని చెప్పింది. ఆ నీరసంలోనూ నాగలక్ష్మమ్మ తల తిప్పి పక్క మంచం వైపు చూసింది.

"విన్నావా జైనాబూ? నీకు వచ్చింది జ్వరమా! గోరువెచ్చ."

సూది ఒంటికి పట్టడానికి రెండు వారాలు ఆగాలన్నారు. ఆగింది. గడువు తీరిన రోజు తలస్నానం చేసి, మూతికి మాస్కు కట్టి, చెంబు నిండా అంబలితో వెనక హాలుకు పోయింది. హాలు ఖాళీ. అందరూ కోలుకొని ఎవరి మంచాలకు వాళ్ళు వెళ్ళిపోయారు. కడిగిన మంచాలు గోడకు ఆనించి ఎండబెట్టి ఉన్నాయి.

"నేను వస్తాండానని తెలిసి పారిపోయిందా, దొంగముండ!" అంది.

అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వి చెంబు వెనక్కు తెచ్చింది. దాన్ని వంటింట్లో పెట్టినప్పుడు మాత్రం కాస్త గట్టిగానే చప్పుడైంది.

ఆ వారంలోనే గేటు దగ్గర బండి ఆగింది. తిమ్మయ్య దిగాడు. పంచె ఆయన్ను కట్టుకున్నట్టుంది గానీ ఆయన పంచె కట్టుకున్నట్టు లేదు. ఇంక ఈయన నుంచి ఎవరికీ అంటదని ఆస్పత్రివాళ్ళు చెప్పి పంపారు. ఏసుమణి కూడా గట్టిగా అదే చెప్పింది. అయినా వరండాలో జనం తలా ఒక అడుగు వెనక్కు వేశారు. "జరగండి, జరగండి, దారియ్యండి" అన్న వీరభద్ర అందరికంటే ఎక్కువ జరిగాడు.

తిమ్మయ్య అదంతా చూశాడు. బండి తలుపు పట్టుకొని అక్కడే ఆగిపోయాడు. "నేను ఆ షెడ్డులో ఉంటాలేప్పా" అన్నాడు.

వాకిట్లో నిలబడిన నున్నటి ముఖాలు. లోపలికి రాలేని ఒక మనిషి. నాగలక్ష్మమ్మకు ఎవరూ కబురు చేయనక్కర లేకపోయింది. మెట్లు దిగి పోయి ఆయన చంక కింద భుజం ఆనించింది.

"షెడ్డు దూడలకప్పా, నీకు గాదు. నడువు."

"లచ్చిమమ్మా, గట్టెక్కినామంటివి..."

"ఎక్కలేదా ఏమి? రేవు రెండు తూర్లు దాటాల్సొచ్చె, అంతే గదా!"

తిమ్మయ్య నవ్వబోయి దగ్గాడు. అప్పుడు చూసింది, ఆయన రెండో చెయ్యి పట్టుకొని జైనాబ్ బీ నిలబడి ఉంది.

"నువ్వెందుకే మధ్యలో? పో, వరండాలో నిలబడు."

"ఎందుకు నిలబడల్ల? నాకూ వచ్చి పోయింది, నాకూ సూది పడింది. తిమ్మన్నను నీకొక్కదానికే రాసిచ్చినారా?"

ఆ మాటకు వరండాలో ఒకామె చెప్పులు వెతుక్కుంది. ఒకాయన వచ్చి తిమ్మయ్య సంచి అందుకున్నాడు. చివరికి వీరభద్ర కూడా సిగ్గుపడుతూ మంచం సర్దడానికి పోయాడు. చూస్తుండగానే గుంపంతా గడప లోపల ఉంది. నాగలక్ష్మమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని వాళ్ళందరినీ వరసగా చూసింది.

"ముఖమంతా ఇచ్చుకోని తెచ్చుకున్నా నేను, గడప దాటే ఈ పట్టాన్ని. మీరు చీమ కుట్టినంత నొప్పికి కొట్టేసినారు గదే!"

"నువ్వు మటుకు ముఖంతో ఒక తూరి, సూదితో ఒక తూరి, రెండు తూర్లు తీసుకున్నావులేక్కా" అంది జైనాబ్ బీ.

మంచం మీద కూర్చున్న తిమ్మయ్య మెల్లగా ఏసుమణి వైపు చూశాడు. "పాపా, ఆ సూది... శానా నొప్పెడతాదా?"

"అది నువ్వు కాస్త కోలుకున్నాక మాట్లాడుకుందాం. ముందు అంబలి తాగు" అంటూ నాగలక్ష్మమ్మ వంటింట్లోకి పోయింది. జైనాబ్ బీ సాయానికని వెనకే పోయి చెయ్యి చాపింది.

నాగలక్ష్మమ్మ చెంబును కొంగు చాటుకు లాక్కుంది. "గడప మీకందరికీ ఇచ్చేసినా. ఇది మాత్రం ఇయ్యను."