గొర్రెలకు పండ్లు తోమమన్న డాక్టరమ్మ

నా మొహం పెట్టి నేనే ఒక దొంగ వీడియో చేయించాను. దాంతో నా మండలంలో నా మాట నమ్మేవాళ్లే లేకుండా పోయారు. జరిగింది ఇంతే. ఎట్లా జరిగిందో చాయ్ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి.

నేను పశువుల డాక్టర్ని. ఆత్మకూర్ దగ్గర ఒక చిన్న మండలం. అందులో ఒక పశువుల దవాఖాన, అందులో నేను, అటెండర్ శ్రీశైలం, ఒక ఫ్రిజ్జు. ముగ్గురిలో ఏ రోజూ మొరాయించకుండా పనిచేసేది శ్రీశైలం ఒక్కడే. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ఈ సంగతి చుట్టుపక్కల గొర్రెలకు కూడా తెలుసు.

పోయినేడు ఎండాకాలం చివర్లో బీరయ్య మూడు గొర్రెలను ఆటోలో వేసుకొచ్చాడు. బీరయ్యకు నూట ఇరవై గొర్రెలు. గొర్లకాపరుల్లో అతని మాటకు విలువ ఎక్కువ. మూడు గొర్రెల కడుపులూ డప్పుల్లా ఉబ్బి ఉన్నాయి.

"ఏం పెట్టినవ్?"

"పొడి."

"ఏం పొడి?"

"గదే డాక్టరమ్మా, టీవీల వస్తడు సూడు పెద్ద డాక్టరు, గాయ్న చెప్పిండు. ఫోన్ల వచ్చింది. గీ పొడి పెడితే నెలల రెండు కిలోలు ఎక్కువ తూగుతయట."

వీడియో చూపించాడు. తెల్లకోటు, వెనక పుస్తకాల బీరువా. ఆయన మనుషుల గుండె డాక్టరు. జీవితంలో గొర్రెను పళ్లెంలో తప్ప చూసి ఉండడు. అనుమానమొచ్చి దగ్గరగా చూశాను. ప, బ, మ అనాలంటే ఎవరికైనా రెండు పెదాలూ కలవాలి కదా. ఆయన "పొడి" అన్నప్పుడు కలవనే లేదు.

"ఇది ఆయన కాదు బీరయ్యా. కంప్యూటర్ చేసిన మనిషి. పెదాలు చూడు."

"మొకం గాయ్నదే. గొంతు గాయ్నదే. ఇంకేం గావాలె డాక్టరమ్మా, ఆధార్ కార్డు చూపియ్యాల్నా?"

మూడింటినీ బతికించాను. నా బీపీ మాత్రం దిగలేదు. ఆ వారం ఇంకో ఇద్దరు అదే పొడితో వచ్చారు. ఇంటికెళ్లి అరుస్తుంటే, హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే నా కూతురు శ్రావ్య, సెలవులకు వచ్చి ఉంది, మంచం మీద నుంచి లేవకుండానే పరిష్కారం చెప్పింది.

"నువ్వు చెప్తే ఎక్కదు మమ్మీ, చూపించాలె. నీదే ఒక డీప్‌ఫేక్ చేద్దాం."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"చాయ్ పెట్టు. మసిలేలోపు అయిపోతది."

నిజంగానే అయిపోయింది. నా ఫొటో ఒకటి, శ్రావ్యను తిడుతూ నేను పంపిన అర నిమిషం వాయిస్ మెసేజ్ ఒకటి. అంతే! ఎట్లా అని అడిగితే చెప్పింది. మనుషులు మాట్లాడేటప్పుడు మొహాలు ఎట్లా కదులుతాయో ఆ ప్రోగ్రామ్ వేలకొద్దీ వీడియోలు చూసి నేర్చుకుని ఉంటుందట. ఏ అక్షరానికి నోరు ఎంత తెరుచుకుంటుంది, రెప్ప ఎప్పుడు పడుతుంది, మెడ ఎటు వంగుతుంది, అంతా అంచనా కట్టి మన ఫొటోకు ఆ కదలిక ఇస్తుంది. గొంతు సంగతీ అంతే. పలికే తీరు ఒకసారి పట్టుకుందంటే మనం పుట్టి ఎన్నడూ అనని మాటను కూడా మన గొంతుతోనే అంటుంది.

"పెదాలు కలవకపోవడం పాత సంగతి మమ్మీ. మంచిగ చేస్తే అవీ కలుస్తయి. చూడు."

చూశాను. ఫోన్లో నేను నవ్వుతున్నాను. మెత్తగా మాట్లాడుతున్నాను. "దయచేసి" అంటున్నాను. మా ఆయన మూడుసార్లు చూసి, నాలుగోసారి అడిగాడు: "గీమె ఎక్కడుంటది?"

వీడియోలో ఏం చెప్పించాలనే ఐడియా మాత్రం పూర్తిగా నాది. ఎవరూ నమ్మలేని మాట ఉండాలి, చూడగానే నవ్వాలి, 'అయ్యో, ఇట్లా కూడా చేస్తారా' అనుకోవాలి. అందుకని ఇది పెట్టించాను: "దయచేసి రేపు ఉదయం ఎనిమిది గంటలకు మీ గొర్రెలను దవాఖానకు తీసుకురండి. వాటికి పండ్లు తోమి పంపిస్తాము."

గొర్రెలకు పండ్లు తోమడం! ఎవరు నమ్ముతారు?

సాయంత్రం గొర్లకాపరుల వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టాను. దాని కింద ఇంకో మెసేజ్‌గా నీట్‌గా రాశాను: 'ఇది నేను కాదు. దొంగ వీడియో ఎట్లా ఉంటుందో చూడండి.' రాసింది ఎవరు చదువుతారు? వీడియో చూశారు, ఫార్వర్డ్ చేశారు. పద్నాలుగు ఊళ్లకు వీడియో ఒక్కటే పోయింది. నా రాత గ్రూపులోనే కూర్చుంది.

పొద్దున ఏడున్నరకు శ్రీశైలం ఫోన్.

"మేడం, జల్ది రాండ్రి. గొర్లొచ్చినయి."

"ఎన్ని?"

"లెక్క లేదు మేడం. గేటు కనవడ్తలేదు."

వెళ్లి చూస్తే రోడ్డంతా ఉన్ని. ఆత్మకూర్ బస్సు మధ్యలో ఇరుక్కుని ఉంది. డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి విసిగి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. బీరయ్య తల్లి లింగవ్వ నెత్తి మీద వేపపుల్లల మోపుతో ముందుకొచ్చింది.

"మీ బురుషులు సాల్తయో సాలవో అని తెచ్చిన బిడ్డా."

బీరయ్య ఇంకా పద్ధతిగా వచ్చాడు. "రెండు పండ్లయి గిటు నిలవెట్టిన, నాలుగు పండ్లయి గటు. పండ్లూసిన ముసలియి ఇంటికాడనే ఉంచిన. వాటికి తోమేదేమున్నది?"

అప్పుడు వెలిగింది నాకు. గొర్రె వయసు చెప్పేది పండ్లే. కొన్నా, అమ్మినా, సర్కారు గొర్రెల స్కీములో రాయించినా ముందు నోరు తెరిచి చూస్తారు. పండ్లు చూసి ఏదో రాసుకుంటారు, చూసే ముందు కడుగుతారు కాబోలు అని అందరూ తీర్మానించుకున్నారు. నేను అసంభవం అనుకున్న మాట వాళ్లకు ఆఫీసు పనిలా వినిపించింది. ఇరవై రెండేళ్లుగా గొర్రెల నోళ్లు తెరుస్తున్న నాకు ఈ సంగతి తట్టలేదు చూడండి!

దవాఖాన మెట్టు మీద నిలబడి అరిచాను. "వీడియోలో ఉన్నది నేను కాదు!"

"మరెవలు? మీ చెల్లెనా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

కంప్యూటరు, ఫొటో, గొంతు, అన్నీ మొదటి నుంచి చెప్పాను. మధ్యలో గొర్రెలు, మధ్యలో హారన్. వినకపోతే తిట్టాను. కింద రాసింది చదవనందుకు తిట్టాను. చదువుకున్న పిల్లలున్న ఇళ్లవాళ్లను ఇంకొంచెం ఎక్కువ తిట్టాను. లింగవ్వ చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"ఆగుండ్రి. నిజం డాక్టరమ్మ గీమెనే. వీడియోల ఆమె నవ్వింది, దయచేసి అన్నది. గీమె వచ్చినప్పటిసంది తిడ్తనే ఉన్నది. మనకు గప్పుడే అనుమానం రావాలె."

బస్సులో వాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను? వచ్చినవాటిని ఊరికే పంపడమెందుకని కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించి పంపాం. పోయేటప్పుడు బీరయ్య అన్నాడు: "సమజైంది డాక్టరమ్మా. ఇగ ఫోన్ల నువ్వు కనవడి ఏం చెప్పినా నమ్మం."

"శభాష్!" అన్నాను. అవును, నోరారా అన్నాను.

మూడు వారాలు గడిచాయి. పక్క మండలంలో పారుడు రోగం మొదలైంది. జ్వరం, ముక్కులోంచి చీమిడి, ఆగకుండా విరేచనాలు. టీకా పడని మందలో చొరబడితే సగం మందను తీసుకుపోతుంది. పైనుంచి టీకాలు వస్తున్నాయన్నారు. వెంటనే వీడియో తీసి గ్రూపులో పెట్టాను. ఈసారి నిజమైన వీడియో, నిజమైన నేను. ఐదు రోజుల్లో టీకాల క్యాంపు ఉంది, అందాకా నీళ్ల దగ్గర మీ మందను పక్క మందతో కలవనీయొద్దు అని చెప్పాను. అరిస్తే బాగుండదని కొంచెం నవ్వాను. "దయచేసి" అన్నాను.

క్యాంపు రోజు పొద్దున ఆరింటికి ఐస్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఏడైంది. ఫోన్ లేని ఒక ముసలాయన రెండు మేకలతో వచ్చాడు, శ్రీశైలం ముందురోజు సంతలో చెప్పాడట. ఆ రెండింటి కోసం వంద డోసుల టీకా సీసా తెరిచి ద్రావణం కలిపాను. కలిపాక రెండు గంటలే దాని బతుకు. తొమ్మిది దాటింది. తొంభై ఎనిమిది డోసులు పారబోశాను.

బీరయ్యకు ఫోన్ చేశాను.

"నేను డాక్టరమ్మను. ఎందుకు రాలే?"

"ఆహా."

"ఆహా ఏంది?"

"గొంతు గూడ సేస్తరని నువ్వే చెప్పినవ్ గదమ్మా. కాదు కాదు, నువ్వు గాదు, ఆమె చెప్పింది."

"నీకు బుద్ధి ఉందా బీరయ్యా? అక్కడ గొర్లు చస్తుంటే—"

"అబ్బో, ఈపాలి తిట్లు గూడ మంచిగ నేర్పిండ్రు" అని ఫోన్ పెట్టేశాడు.

నేర్పింది నేనే. నా పాఠం ఇంత బాగా వంటబట్టించుకున్న విద్యార్థి ఇంకొకడు ఉండడు.

ఐస్ డబ్బా స్కూటర్ మీద పెట్టుకుని బయల్దేరాను. ఎరువు కోసం ఒక రైతు తన చేనులో బీరయ్య మందను పడుకోబెట్టుకున్నాడు. మంద ఇంకా మేతకు కదల్లేదు. బీరయ్య నన్ను చూశాడు, చేతిలోని ఫోన్ చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. లింగవ్వ మాత్రం దగ్గరికొచ్చి నా జబ్బ పట్టుకుని గట్టిగా గిచ్చింది.

"అమ్మా!"

"మనిషే రా బీరయ్యా" అంది.

ముఖం వాడిపోయింది అతనికి. "అయితే నీళ్లకాడ కలపొద్దన్నది గూడ నువ్వేనా?"

"నేనే."

"మొన్న కలిసినయి డాక్టరమ్మా. రెండు దినాలు."

మందకు ఎడంగా ఒక నల్ల గొర్రె పడుకుని ఉంది. ముక్కు కారుతోంది, కళ్లకు పుసి కట్టింది. లింగవ్వ చేతిలో మేత తప్ప ముట్టదట అది. దాన్ని దూరంగా కట్టించి మందు మొదలుపెట్టాను, మిగిలినవాటికి టీకాలు వేశాను. ఆ రోజూ మర్నాడూ కలిపి పదకొండు మందలు తిరిగాను. నాలుగో రోజు నల్ల గొర్రె పోయింది. బీరయ్య మందలో ఇంకో రెండు పోయాయి. మిగతావి నిలబడ్డాయి.

తర్వాత లింగవ్వ దవాఖానకు వచ్చింది, ఇంకో గొర్రె కాలి పుండుకు మందు కోసం. నల్లదాని సంగతి ఎత్తలేదు. నేను మందు కట్టి, "తప్పు నాది అవ్వా" అన్నాను.

"నీదెట్లయితది బిడ్డా? ఎవలు నువ్వో ఎవలు కాదో మాకు తెల్వలేదు" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ రోజే నిర్ణయించుకున్నాను, నా మాట ఇక ఫోన్లో పోదు. ప్రతి మంద దగ్గరికీ స్కూటర్ మీద పోయి చెప్పాను: "ఫోన్లో నా మొహం కనిపించినా, నా గొంతు వినిపించినా అది నేను కాదు. చెప్పేది ఏదున్నా నేనే వచ్చి చెప్తా." ఏడాది దాటింది. ఎప్పుడు క్యాంపు ఉన్నా ముందే పద్నాలుగు ఊళ్లూ తిరుగుతున్నాను. మండలంలో నా మాట మళ్లీ నడుస్తోంది. నడుము మాత్రం నడవనంటోంది.

పోయిన నెల జిల్లా ఆఫీసు నుంచి మా పైఆఫీసర్ ఫోన్ చేశాడు. "మేడం, డీప్‌ఫేక్‌ల మీద రైతులకు అవగాహన కల్పిస్తూ మీరొక చక్కని వీడియో చేసి పంపాలి" అన్నాడు. నేను ఫోన్లో ఏమీ చెప్పలేదు. స్కూటర్ తీసి, నలభై కిలోమీటర్లు పోయి, ఆయన టేబుల్ ముందు నిలబడి, "చెయ్యను సార్" అని మొహం మీదే చెప్పి వచ్చాను.