పాట జరిపే బటన్

కోలారు బంగారు గనులు మూతపడి చాలా ఏళ్ళయినా మా పెదనాన్న ఊపిరితిత్తులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అవి ఇంకా షిఫ్టులోనే ఉన్నాయి. నాలుగు పంక్తులు పాడితే ఒకసారి ఆగాల్సిందే. చూపూ తగ్గింది. అయినా కేజీఎఫ్‌లో మా చర్చిలో క్రిస్మస్ ఆరాధనకు మొదటి పాట ఎత్తుకునేది ఆయనే. ఆ ఏడు కొత్త పాట పెట్టారు. పాటలు నేర్పించే టీచరమ్మ మర్యాదగానే చెప్పింది.

"అన్నా, గోడమీద అక్షరాలు మీకు కనపడవు. నడుమ పాట నిలిచిపోతాది. ఈసారి కూసోని పాడండి."

ఆయన "సరేమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి సంగటి ముద్ద సగంలో వదిలేశాడు. మా ఇంట్లో ఇంతకు మించిన విషాదం ఎవరూ చూడలేదు.

గోడమీద పాటల పంక్తులు చూపించే ప్రోగ్రాం నేను రాసిందే. అదే పంక్తి ఆయన ఫోనులో పెద్ద అక్షరాలతో వస్తే చాలు. చర్చిలో ఇంటర్నెట్ లేదు. అందుకని నా లాప్‌టాప్‌లో ఆ ప్రోగ్రాం లోపలే ఒక చిన్న వెబ్ సర్వర్ పెట్టాను, ఫోన్లు లాప్‌టాప్ వైఫైకే కలుస్తాయి. సర్వర్ అనగానే చల్లటి గదిలో బీరువాల్లాంటి యంత్రాలు గుర్తొస్తాయి. ఇది గుమస్తా లాంటిది. ఏ ఫోనయినా అడిగితే పేజీ ఇస్తుంది, అడగకపోతే ఊరుకుంటుంది.

రిహార్సల్‌లో పెదనాన్న బల్ల కింద వంగి చూశాడు. "యాడరా నీ సర్వరు?"

"ప్రోగ్రాం లోపల ఉండాది పెదనాన్నా."

"గనిలోకి దించినట్టు దించినావు సరే. పైకి తెచ్చేదానికి లిఫ్టు ఉండాదా?"

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అందరూ చూడాలని పేజీ అడ్రసు బోర్డుమీద రాశాను. పంక్తిని ముందుకు జరిపే బటన్ నాకోసం పెట్టుకున్నది. అదీ అందరికీ వెళ్ళింది. ఎవరు పాడటం అయిపోతే వాళ్ళు నొక్కారు. గోడమీద చరణాలు పరుగెత్తాయి. పాటలో గొర్రెల కాపరులు ఇంకా బయలుదేరలేదు, ఆమేన్ వచ్చేసింది.

"రైలుబండి పోయిందన్నా, ఇంగ బస్సు చూసుకో" అన్నాడు వెనక గిటారు వాయించేవాడు.

సర్వర్ తప్పు ఏమీ లేదు. అడిగినవాళ్ళందరికీ అడిగింది ఇచ్చింది. కూర్చుని కోడ్ మార్చాను. ఇక అందరికీ పంక్తులే కనిపిస్తాయి, బటన్ ఒక్క ఫోనులోనే ఉంటుంది. ఆ ఫోను నాది అనుకున్నాను. పెదనాన్న చెయ్యి చాపాడు.

"పాట ఎత్తేది నేను. జరిపేది నువ్వా?"

టీచరమ్మ అడ్డుపడింది. "మీరు ఆగితే పాటంతా ఆగిపోతాది కదన్నా."

"ఆగనీమ్మా. మీకేమన్నా బస్సు పోతాదా?"

బటన్ ఆయన ఫోనుకే ఇచ్చాను.

క్రిస్మస్ పొద్దున నాలుగు పంక్తులు పాడి ఆయన ఆగాడు. గోడా ఆగింది. గిటారు కూడా ఆగింది. చర్చి మొత్తానికి ఆయన ఊపిరి వినిపించింది. అలాంటి ఊపిరి గని కూలీలుండే మా లైన్ల ఇళ్ళలో ఇంటింటా ఎవరికో ఒకరికి ఉండేది. అందుకేనేమో ఎవరూ తల తిప్పి ఆయన్ని చూడలేదు, దగ్గలేదు. లాప్‌టాప్ వెనక నాకు చేసే పనేమీ లేదు. కాసేపటికి ఆయన బొటనవేలు కదిలింది, తర్వాతి పంక్తి వచ్చింది, అందరం అందుకున్నాం.

ఆరాధన అయ్యాక టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఆ బటన్ అన్న దగ్గరే ఉండనీ. వచ్చే ఆదివారం మాత్రం ఒక పాట తక్కువ పెట్టు. లేకుంటే ఈస్టర్‌కి గానీ ఇంటికి పోము."