రుక్కమ్మ మొహం మీద మచ్చలు

మాదాపూర్‌లో హైటెక్ సిటీ బిల్డింగు లేస్తున్న రోజులవి. మా వెనకింటి రుక్కమ్మకు చిన్నతనంలో మశూచి వచ్చిందట. ప్రాణం దక్కింది గానీ మొహమంతా గుంటలు పడ్డాయి. ఆ మొహం చూసి పెళ్ళికి ఎవరూ ముందుకు రాలేదు. అన్న ఎల్లేశం పంచన ఉంటూ, కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో అంట్లు తోముకుని బతికేది.

కంప్యూటర్ ఉద్యోగం చేసే కిరణ్ ఇంట్లో పని దొరికింది. కడప నుంచి వచ్చిన కుటుంబం. కిరణ్ తల్లి జయమ్మ రుక్కమ్మను వెనక బాల్కనీ దాటి లోపలికి రానిచ్చేది కాదు. కొత్త కోడలు స్వాతి పొద్దున్నే ఆ మొహం చూడకూడదట.

ఆ ఎండాకాలం స్వాతికి ఆటలమ్మ పోసింది. వంటమనిషి మర్నాటి నుంచి రావడం మానేసింది. తల్లీకొడుకులకు అదెప్పుడూ రాలేదు కాబట్టి ఆ గది గుమ్మం తొక్కలేదు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ రాదు, అలాంటి మనిషిని తోడు పెట్టుకోండని డాక్టరు ఫోన్‌లో చెప్పాడు. కిరణ్ అంత చదువు చదివి, రుక్కమ్మ మొహం వంక చూసి, "నీకు వచ్చిపోయిందిగా" అన్నాడు. వచ్చింది ఏ రోగమని అడగలేదు. అడిగినా రుక్కమ్మకు తేడా తెలియదు. మా వాడలో ఒంటి మీద పోసేవన్నీ అమ్మవారే; పెద్దగా పోస్తే పెద్దమ్మ, చిన్నగా పోస్తే చిన్నమ్మ, అంతే.

"పెద్దమ్మనే వచ్చిపోయింది సారూ, చిన్నమ్మ నా జోలికెందుకొస్తది?" అందట.

పక్క మీద వేపాకు పరిచింది. గోక్కోకుండా ఆ పిల్ల చేతులు పట్టుకుని కూర్చుంది. సాయంత్రం నా కుట్టుమిషను దగ్గరికొచ్చి, "స్వాతమ్మ నన్ను మంచం మీద కూసోమన్నది పిల్లా. గీ మొహం ఇన్నేండ్లకు పనికొచ్చింది" అని సంబరపడేది. నాకైతే ఒళ్ళు మండేది.

స్వాతికి తగ్గి తలస్నానం చేయించిన మర్నాడే రుక్కమ్మ మళ్ళీ బాల్కనీలో తేలింది.

మరికొన్నాళ్ళకు జ్వరం వచ్చి, ఆమె వీపు మీద నీటిపొక్కులు లేచాయి. పనికి పోలేదు. ఎండల్లో నిండా కొంగు కప్పుకుని మూలన పడుకుంది. నేను దగ్గరికి పోతే, "ఎవ్వరికీ చెప్పకు. నాకు రాదనే గద లోపటికి రానిచ్చిండ్రు" అంది.

ఊపిరి అందకుండా పోయాక నేనూ ఎల్లేశం కలిసి ఆటోలో అంటురోగాలు చూసే కోరంటి దవాఖానకు తీసుకుపోయాం. ఒళ్ళు ఒకసారి పోరాడి గెలిచిన రోగాన్నే గుర్తుపెట్టుకుంటుందని, మశూచి వేరు, ఆటలమ్మ వేరు అని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. పెద్దవాళ్ళకొస్తే ఒక్కోసారి ఊపిరితిత్తులకు పాకుతుందట.

ఆటలమ్మ నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి భయం లేకుండా పక్కన కూర్చున్నాను. రుక్కమ్మ అడిగింది ఒక్కటే. "స్వాతమ్మను జర రమ్మను. ఒక్కసారి చూస్త."

పోయాను. జయమ్మ తలుపు సగమే తీసింది.

"మా కోడలికి ఇప్పుడిప్పుడే తగ్గింది. మళ్ళా తగులుకుంటే ఎట్ల?"

"ఒకసారి వస్తే మళ్ళ రాదని మీ డాక్టరే చెప్పిండు గదమ్మా."

"డాక్టర్లు చెప్తారులే. ఆ మాట నమ్మి పిల్లను పంపుతామా?"

స్వాతి వెనకే నిలబడి ఉంది. మొహం మీద ఒక్క మచ్చ లేదు. నా వైపు చూసి తల దించుకుంది.

"వస్తున్నదా?" అని రుక్కమ్మ రెండుసార్లు అడిగింది. నేను మాట మార్చాను. తెల్లారేసరికి పోయింది.

మూడో రోజు ఎల్లేశం మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. కిరణ్‌కు ఆటలమ్మ పోసిందట, వచ్చిపోయిన మనిషినెవరినైనా చూసి పంపమని జయమ్మ కబురు పెట్టిందట.

"నీకు చిన్నప్పుడే వచ్చింది గదా, నువ్వు పోతవా?" అన్నాడు.

"వాళ్ళింట్లనే ఉన్నది గద, వచ్చిపోయిన మనిషి" అన్నాను. "పెండ్లాన్ని కూసోబెట్టుకొమ్మను."